తోడేది తక్కువే అంటోంది మోడల్, మా ఊట మాత్రం ఎండిపోయింది

చెలమ
మాది పూర్తిగా ఎడారి లోయ. ఏడాదికి వంద మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడాది అనుకుంటాం. తాగడానికైనా పైరుకైనా భూగర్భజలమే ఆధారం. నీటి వాడకందారుల సంఘంలో నేనూ సభ్యుణ్ణి. కొత్త బోర్లకు అనుమతి ఇవ్వవచ్చా అని తేల్చడానికి ఒక సంస్థ చేత కంప్యూటర్ మోడల్ చేయించారు. రిపోర్టు వచ్చింది. నిండా రంగుల పటాలు, పట్టికలు. చివరికి తేల్చింది ఒక్క మాట: ఏటా భూమిలోకి ఇంకే నీటికంటే తోడే నీరు తక్కువ, కాబట్టి ఇంకొన్ని బోర్లు వేసుకోవచ్చు.

కానీ లోయ అడుగున తరతరాలుగా పారిన ఊట సన్నబడుతూ వచ్చి పూర్తిగా ఆగిపోయింది. దాని చుట్టూ ఉన్న చెట్లు ఎండుతున్నాయి. బావుల్లో మట్టం ఏటేటా దిగుతోంది. ఇంకేదానికంటే తోడేది తక్కువైతే మట్టం ఎందుకు దిగాలి? మోడల్ తప్పా, మేం చూస్తున్నది తప్పా? వచ్చే నెల సమావేశంలో ఓటు వేయాలి. తెలిసినవారు చెప్పండి.

పాతాళం
బోర్లు వేసే పనిలోనే నా జుట్టు నెరిసింది. ఊట ఆగిపోయిందంటే నీరు తగ్గిందనే అర్థం, దానికి కంప్యూటర్ అక్కర్లేదు. రిపోర్టు పక్కన పెట్టి బావిలో తాడు వేసి కొలవండి.

గడులమనిషి
తాడు వేసి కొలవాల్సిందే, అందులో వాదన లేదు. కానీ చెలమ గారూ, రెండు విషయాలు చెప్పండి. ఆ మోడల్ స్థిర స్థితిదా, కాలంతో మారేదా? అంటే ఏడాదికి ఏడాది మట్టం ఎలా మారుతుందో చూపిందా, లేక ఒకే సగటు లెక్క ఇచ్చిందా? రెండోది, ఊటను మోడల్‌లో పెట్టారా?

చెలమ
పట్టికలో ఒకే సగటు ఏడాది ఉంది. ఊట పేరు పటంలో కనిపించింది కానీ లెక్కల్లో ఎక్కడా లేదు.

గడులమనిషి
అనుకున్నాను. ఇక థీస్_బాట గారు రావాలి, ఇది ఆయనకు ఇష్టమైన విషయం.

థీస్_బాట
వచ్చాను. చెలమ గారూ, మీ ప్రశ్నకు జవాబు 1940లోనే ఉంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన చార్ల్స్ థీస్ అప్పుడు ఒక చిన్న వ్యాసంలో అడిగిన ప్రశ్న ఇది: బావిలోంచి వచ్చే నీరు అసలు ఎక్కడిది?

మనుషులు బోర్లు వేయకముందు మీ లోయను ఊహించుకోండి. వేల ఏళ్లుగా కొండపాదాల దగ్గర కొంత నీరు ఇంకుతోంది. అదే పరిమాణంలో నీరు ఎక్కడో ఒకచోట బయటికి పోతోంది: ఊటగా, చెట్ల వేళ్ల గుండా, ఉప్పునేల మీద ఆవిరిగా. నిండుకుండలో పైనుంచి ఎంత పోస్తే అంచు మీదుగా అంతే పొర్లుతుంది. అంటే ఇంకే నీరు మొత్తానికి అప్పటికే ఒక వాడకందారు ఉన్నాడు. మీరు బోరు వేసి తోడడం మొదలుపెట్టిన రోజు ఆ నీరు మూడు చోట్ల నుంచే రావాలి. భూమిలో నిల్వ తరగాలి, లేదా బయటికి పోయేది తగ్గాలి, లేదా లోపలికి వచ్చేది పెరగాలి. నాలుగో దారి లేదు.

పక్కన ఏడాది పొడవునా పారే నది ఉంటే మట్టం దిగినకొద్దీ అది లోపలికి నీరు లాక్కోనిస్తుంది. ఎడారిలో ఆ అవకాశం దాదాపు లేదు. మీరు తోడుతున్నారని వాన ఎక్కువ కురవదు. కాబట్టి మొదట నిల్వ తరుగుతుంది, ఆ తర్వాత ఊటా చెట్లూ తమ వాటా వదులుకుంటాయి. ఇంకేదంతా తోడుకోవచ్చు అన్నమాటకు అర్థం ఊట మొత్తం ఆగిపోయినా ఫరవాలేదు అని. ఆ సంగతి రిపోర్టులో ఎవరూ రాయరు. 1982లో బ్రెడహోఫ్ట్ అనే భూగర్భజల శాస్త్రవేత్త మరో ఇద్దరితో కలిసి దీన్ని నీటి బడ్జెట్ భ్రమ అన్నారు. ఇన్నేళ్లయినా ఆ భ్రమ ఇంకా రిపోర్టుల్లో తిరుగుతూనే ఉంది, చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

చెలమ
అంటే వాళ్ల కూడికలూ తీసివేతలూ సరిగ్గా ఉన్నా మా ఊట ఎండిపోవచ్చు. ఇది ఎవరూ మాకు చెప్పలేదు.

ఉప్పునేల
థీస్_బాట గారి మాట నిజమే. కానీ ఆ కూడికలు సరిగ్గా ఉన్నాయని ఇప్పుడే ఒప్పుకోవద్దు. ఎడారి లెక్కల్లో అన్నిటికంటే బలహీనమైన అంకె ఇంకే నీరే. పొడి ప్రాంతాల అధ్యయనాలన్నీ పోగుచేసి 2006లో ఒక ప్రపంచవ్యాప్త సమీక్ష వచ్చింది. అందులో సగటున ఇంకేది ఏడాదికి 0.2 నుంచి 35 మిల్లీమీటర్ల దాకా ఉంది. పడిన వానలో అది 0.1 నుంచి 5 శాతం. ఆ రెండు కొసల మధ్య ఎంత దూరముందో చూడండి. మీ రిపోర్టులో ఏ పద్ధతిలో లెక్కించారు? నేలలో క్లోరైడ్, అంటే ఉప్పు, కొలిచారా, వానలో ఇంత శాతం అని అనుకున్నారా?

చెలమ
వానలో శాతం అనే రాసి ఉంది.

ఉప్పునేల
అయితే అది కొలత కాదు, ఊహ. క్లోరైడ్ పద్ధతి ఖరీదైనదేమీ కాదు. వానతోనూ దుమ్ముతోనూ కొద్దిగా ఉప్పు నేలమీద పడుతుంది. నీరు ఆవిరైతే ఉప్పు వెనకే ఉండిపోతుంది. లోతు మట్టిలో ఉప్పు ఎంత చిక్కగా ఉంటే ఇంకిన నీరు అంత తక్కువ. చాలా ఎడారి మైదానాల్లో ఈ పద్ధతితో చూస్తే వేళ్ల లోతు దాటి కిందికి దిగే నీరు సున్నాకు దగ్గరగా తేలుతుంది. ఇంకేదంతా వాగుల అడుగునా కొండపాదాల దగ్గరా, అదీ పెద్ద వరద వచ్చిన ఏడాదే. దాన్ని ప్రతి ఏడాదీ సమానంగా లోయంతా పరిచేస్తే పటం అందంగా ఉంటుంది, నీరు మాత్రం అలా నడవదు.

పాతాళం
ఇది నేనూ చూశాను. వాగు పక్కన వేసిన బోరులో వరద తర్వాత మట్టం లేస్తుంది. కాస్త దూరంలో మైదానంలో వేసిన దానిలో ఎంత వాన పడినా చలనం ఉండదు.

మరీచిక
కొత్తవాళ్ల కోసం ఒకసారి చెప్పండి, ఈ మోడల్ లోపల అసలు ఏముంటుంది? గడులమనిషి గారు ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో కూడా తెలుస్తుంది.

గడులమనిషి
లోయను పైనుంచి గళ్ల గుడ్డలా చతురస్రాలుగా కోస్తాం, లోతులో పొరలుగా విడదీస్తాం. ఒక్కో గడికి రాతి పారగమ్యత ఎంత (అంటే నీటిని ఎంత సులువుగా పోనిస్తుంది), ఎంత నీరు నిల్వ చేసుకోగలదు, పైనుంచి ఎంత ఇంకుతుంది, ఎంత తోడుతున్నారు అనే అంకెలు ఇస్తాం. పక్క గడికి ఎంత నీరు పోతుందో 1856లో ఫ్రాన్సులోని దిజోన్ పట్టణపు ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక గొట్టాలతో ప్రయోగం చేసి కనిపెట్టిన సూత్రం చెబుతుంది. ప్రతి గడిలోనూ వచ్చిన నీరు, పోయిన నీరు, నిల్వలో మార్పు సరిపోవాలి. లక్షల గడులకు ఈ లెక్క ఒకేసారి కట్టడమే కంప్యూటర్ పని. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1984లో మొదట విడుదల చేసిన మాడ్‌ఫ్లో ప్రపంచమంతా వాడే ప్రోగ్రాం. ఉచితం, లోపలి కోడ్ కూడా ఎవరైనా చూడవచ్చు.

చిక్కు ఎక్కడంటే, పారగమ్యత గురించి మనకు తెలిసింది కొన్ని బోర్ల దగ్గరే. మిగతా గడులకు అంకెలు సర్దుతాం, మోడల్ చూపే మట్టం బావుల్లో కొలిచిన మట్టంతో కలిసేదాకా. దాన్నే కాలిబ్రేషన్ అంటారు. స్థిర స్థితి మోడల్‌లో మట్టాలతో మాత్రమే కాలిబ్రేట్ చేస్తే ఒక పెద్ద గొయ్యి ఉంది. ఇంకేదాన్నీ, తోడేదాన్నీ, పారగమ్యతనూ అన్నిటినీ కలిపి రెట్టింపు చేయండి, మట్టాలు ఒక్క మిల్లీమీటరు కూడా మారవు! తోడేది కచ్చితంగా కొలిచి ఉంటేనో, ఊట ప్రవాహం తెలిసి ఉంటేనో, నీటి వయసు తెలిసి ఉంటేనో ఆ ముడి విడుతుంది. మీ రిపోర్టులో కొలిచిన మట్టాలూ మోడల్ మట్టాలూ ఒకే గీత మీద పడే అందమైన బొమ్మ ఒకటి ఉండి ఉంటుంది. దాన్ని చూసి ఇంకే నీరు సరిగ్గా తెలిసిందని అనుకోవద్దు.

చెలమ
ఉంది, మొదటి పేజీల్లోనే. సమావేశంలో అందరం దాన్ని చూసే మెచ్చుకున్నాం.

మరీచిక
నీటికి వయసు ఎలా కడతారు?

ఉప్పునేల
వేల ఏళ్లవరకైతే నీటిలో కరిగి ఉండి నెమ్మదిగా క్షీణించే కార్బన్-14 ఎంత మిగిలిందో చూస్తారు. దాని అర్ధాయువు, అంటే సగం తరిగే కాలం, 5,730 ఏళ్లు. ఇంకా పాతదైతే క్రిప్టాన్-81, దాని అర్ధాయువు 2 లక్షల ఏళ్లపైనే. ఈజిప్టు పశ్చిమ ఎడారి కింద నూబియన్ ఇసుకరాతి పొరలోని నీటికి ఈ పద్ధతితో వయసు కడితే సుమారు 2 లక్షల నుంచి 10 లక్షల ఏళ్ల దాకా తేలింది. సహారాలో తడి వాతావరణం ఉన్న కాలాల్లో ఇంకిన నీరు అది. అలాంటి చోట ఈ ఏటి వానలో ఇంత శాతం అని లెక్క కట్టడం అర్థంలేని పని.

ఆకాశదృష్టి
ఇంత కష్టం ఎందుకు? గ్రేస్ ఉపగ్రహాలు 2002 నుంచి 2017 దాకా భూమి గురుత్వాకర్షణలో మార్పులు కొలిచి భూగర్భజలం ఎంత తరిగిందో చెప్పాయి. 2018 నుంచి వాటి వారసులు తిరుగుతున్నాయి. ఎడారిలో పై నీరు, మట్టి తడి దాదాపు ఉండవు కాబట్టి ఆ లెక్క ఇంకా తేట. దాన్ని చూపిస్తే సంఘంలో నోరెత్తేవారుండరు.

గడులమనిషి
సహారా అంత విస్తీర్ణానికి బాగా పనికొస్తుంది. ఒక లోయకు పనికిరాదు. గ్రేస్ చూపు కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పుది. చెలమ గారి లోయా, పక్క రెండు మూడు లోయలూ, మధ్యనున్న కొండలూ అన్నీ కలిసి దానికి ఒకే చుక్క.

ఆకాశదృష్టి
ఒప్పుకుంటాను. అయితే లాండ్‌శాట్ వంటి ఉపగ్రహాల చిత్రాలు పొలం స్థాయిలో పనిచేస్తాయి. ఏ పొలంలో ఎంత నీరు ఆవిరవుతోందో వేడి కొలిచి లెక్క కట్టవచ్చు. ఎడారి పొలంలో పచ్చగా ఉన్నదంటే అది తోడిన నీరే, వేరే అనుమానం ఉండదు.

పాతాళం
ఇప్పుడు అసలు సంగతికి వచ్చారు. వాన, రాయి, వయసు అన్నీ చర్చించారు, ఎంత తోడుతున్నారో ఎవరికి తెలుసు? నేను వేసిన బోర్లలో మీటరు పెట్టించుకున్నవారు అరుదు. పెట్టిన మీటర్లలోనూ ఇసుక పోయి ఆగిపోయినవే ఎక్కువ. కరెంటు బిల్లు చూసి అంచనా కట్టే రోజులు పోయాయి, సౌర పంపులకు బిల్లే రాదు. పొద్దు పొడవడంతో మొదలై గుంకేదాకా నడుస్తాయి. మీ లక్షల గడులన్నీ ఈ ఒక్క అంకె మీద నిలబడ్డాయి.

తనిఖీ
పాతాళం గారి మాటకు గట్టి రుజువు ఉంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం మధ్యభాగంలోని ఎడారి లోయలకు 1968లో ఒక మోడల్ ప్రచురించారు. 1923 నుంచి 1964 దాకా, సుమారు 40 ఏళ్ల కొలతలతో కాలిబ్రేట్ చేశారు. అంత చరిత్ర ఉన్న మోడళ్లు ఈనాటికీ తక్కువే. దాంతో 1965–74 మధ్య మట్టాలు ఎలా మారతాయో జోస్యం చెప్పారు. తర్వాత కొనికో అనే శాస్త్రవేత్త 77 బావుల్లో నిజంగా ఏం జరిగిందో సరిచూసి 1986లో ప్రచురించారు. సగటున 73 అడుగుల తేడా, అంటే 22 మీటర్లు! మోడల్ చెప్పినంతగా మట్టం పడలేదు. ఆ పదేళ్లలో ఎంత తోడతారని ఊహించారో అంత తోడలేదు, ప్రధాన కారణం అది.

ఇందులో నన్ను ఎక్కువగా కుదిపిన విషయం ఇంకొకటి. ఎక్కడెక్కడ తోడకం ఊహ తప్పిందో, ఎక్కడెక్కడ మట్టం అంచనా తప్పిందో ఆ రెండూ పటం మీద కలవలేదు. అంటే తప్పు తోడకంలో మాత్రమే లేదు. మూడు కొలతల భూమిని రెండు కొలతల్లో చూపడం, నేల కుంగడాన్ని పట్టించుకోకపోవడం వంటివి కూడా కారణం కావచ్చని ఆయన రాశారు.

పాతాళం
40 ఏళ్ల కొలతలుండి 22 మీటర్లు తప్పితే, సగటు ఏడాది పట్టిక ఏం తేలుస్తుంది? చెలమ గారూ, ఆ రిపోర్టు అవతల పెట్టేయండి. మీ బావులన్నిట్లో నెలనెలా మట్టం కొలవండి. దిగితే తోడడం ఆపండి, లేస్తే మళ్లీ తోడండి.

థీస్_బాట
పాతాళం గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, అయినా ఈ సలహాను మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తాను. ఎడారిలో ప్రమాదం సరిగ్గా ఇక్కడే ఉంది. బోరు దగ్గర మొదలైన తగ్గుదల ఊటదాకా ప్రాకడానికి కాలం పడుతుంది. దూరం రెట్టింపైతే ఆ కాలం సుమారు నాలుగింతలవుతుంది. పెద్ద బేసిన్లలో అది దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు. ఊట దగ్గర కొలబద్ద పెట్టుకుని కూర్చుని, అది తగ్గిన రోజున పంపులన్నీ ఆపినా తగ్గుదల అక్కడితో ఆగదు. అప్పటికే బోర్ల చుట్టూ నీటిమట్టంలో ఏర్పడిన గుంట పక్కలనుంచి నీరు లాక్కుంటూ నిండాలి, అన్నాళ్లూ ఊట ఇంకా తగ్గుతూనే పోతుంది. దాని అత్యంత కనిష్ఠ స్థాయి పంపులు ఆపిన చాలా ఏళ్ల తర్వాత రావచ్చు. అమెరికాలోని నెవాడా ఎడారి లోయల గురించి బ్రెడహోఫ్ట్ ముదిమిలో కూడా ఈ హెచ్చరికే చేశారు.

కొలబద్ద నిన్నటిదాకా జరిగింది చెబుతుంది. ఇంకా రాని దెబ్బను మోడల్ తప్ప ఏదీ చూపలేదు. 22 మీటర్లు తప్పినా సరే, ఈ బోరు ఆ బోరుకంటే ఊటను త్వరగా దెబ్బతీస్తుందా అన్న ప్రశ్నకు అది చెప్పే జవాబు చాలాసార్లు నిలబడుతుంది. పక్కపక్కన రెండు దారులను పోల్చడంలోనే మోడల్ బలం. ఇన్నేళ్లకు ఇన్ని మీటర్లు అనే ఒంటరి అంకె మాత్రం దాని బలహీనత.

పాతాళం
దెబ్బ ఆలస్యంగా వస్తుందన్నది ఒప్పుకుంటాను. పంపు ఆపాక కూడా దూరపు బావిలో మట్టం దిగడం చూశాను, కారణం తెలియలేదు, ఇప్పుడు తెలిసింది. కానీ కొలవకుండా మోడల్ మాత్రం నమ్మమంటే నమ్మను.

తనిఖీ
అలా ఎవరూ అనడం లేదు. పదేళ్లకొకసారి కొత్త కొలతలతో మోడల్‌ను తిరిగి సరిచూడాలని కాగితం మీద రాయించుకోవాలి. రిపోర్టు ఇచ్చి వెళ్లిపోయేవారి మోడల్ అటకెక్కుతుంది.

దూరతీరం
కోర్టుదాకా వెళ్లిన ఊట కథ ఒకటుంది. నెవాడాలో డెవిల్స్ హోల్ అనే రాతి గుంట. అందులో ఉండే ఒక చిన్న చేప జాతి ప్రకృతిలో మరెక్కడా లేదు. నీటిలో మునిగి ఉండే ఒక రాతి అరుగు మీదే అవి మేసి గుడ్లు పెడతాయి. దగ్గరలో వ్యవసాయానికి బోర్లు తోడడంతో మట్టం దిగి అరుగు బయటపడసాగింది. 1976లో అమెరికా సుప్రీంకోర్టు ఆ అరుగు మునిగి ఉండేంత మట్టం నిలిచేలా పంపింగ్‌కు హద్దు పెట్టడాన్ని సమర్థించింది. చూడండి, అక్కడ ఎవరూ ఇంకేది ఎంత అని అడగలేదు. ఈ మట్టం కాపాడాలి, దానికి ఎంత తోడవచ్చు అని అడిగారు. చెలమ గారు కూడా అలా అడగవచ్చు: ఊట తిరిగి పారాలంటే, కనీసం చెట్లు బతకాలంటే ఏ బోర్లు ఎంత తగ్గించాలి?

చెలమ
ఇది నాకు నచ్చింది. ఓటు వేసే ప్రశ్ననే మార్చమని అడుగుతాను. కానీ మా వాళ్లలో సగం మంది ఒక మాట అంటారు: బిందు సేద్యానికి మారితే నీరు మిగులుతుంది, ఆ మిగిలిన దానితో కొత్త బోర్లు వేసుకోవచ్చు.

ఆకాశదృష్టి
అది న్యాయమైన మాటే. కాలువల్లో పారించే పద్ధతిలో సగం నీరు వృథా.

గడులమనిషి
వృథా అన్న నీరు ఎటు పోతోంది? కొంత ఆవిరవుతుంది, మిగతాది పొలం కిందికి దిగి తిరిగి నీటిపొరలో కలుస్తుంది. బిందు సేద్యం పెడితే ఆ తిరుగు నీరు ఆగిపోతుంది. బోరు తక్కువ తోడుతుంది, నీటిపొరకు తిరిగి వచ్చేదీ తగ్గుతుంది. మొక్క తాగేది మాత్రం తగ్గదు, పైగా బాగా పెరిగి ఎక్కువే తాగుతుంది. ఆ మిగిలిందనుకున్న నీటితో కొత్త పొలం వేస్తే లోయనుంచి శాశ్వతంగా పోయే నీరు పెరుగుతుంది.

ఉప్పునేల
ఒక్క సవరణ. నీటిపొర చాలా లోతుగా ఉన్నచోట ఆ తిరుగు నీరు కిందికి చేరడానికి దశాబ్దాలు పట్టవచ్చు. దారిలో నేలలోని ఉప్పునంతా కడుక్కుంటూ వెళుతుంది. కాబట్టి బిందు సేద్యం వల్ల నీటి నాణ్యత బాగుపడవచ్చు. పూర్తిగా కొట్టిపారేయవద్దు, కానీ కొత్త బోర్లకు సాకుగా వాడనివ్వవద్దు.

ఆకాశదృష్టి
సరే, ఇది నేను ఆలోచించని కోణం.

ఉప్పునేల
తిరుగు నీరు అనగానే ఒక అనుమానం వచ్చింది. చెలమ గారూ, మీ పట్టికలో ఇంకే నీరు అన్న వరుస కింద ఉపవిభాగాలు ఉన్నాయా? పొలాలనుంచి తిరిగి ఇంకే నీరు కూడా అందులో కలిపారా?

చెలమ
ఇప్పుడే తీసి చూశాను. మూడు ఉన్నాయి. వాన నుంచి, వాగుల నుంచి, సాగు నుంచి తిరిగి వచ్చేది. మూడోదే అన్నిటికంటే పెద్దది.

గడులమనిషి
తోడే నీటిని ఎలా లెక్కించారో చెప్పండి. బోర్ల దగ్గర మీటర్లా, పైరు అవసరాన్ని బట్టా?

చెలమ
ఉపగ్రహ చిత్రాల్లో సాగు విస్తీర్ణం చూసి, పైరు ఆవిరిగా పంపే నీటిని బట్టి అని రాసి ఉంది.

గడులమనిషి
అయితే దొరికింది! పైరు నిజంగా తాగేసిన నీటినే తోడకంగా రాశారు. అంటే తిరుగు నీరు అప్పటికే తీసివేసిన నికర అంకె అది. మళ్లీ అదే తిరుగు నీటిని ఇంకే నీటిలో ఆదాయంగా చూపారు. ఒకే నీటిని రెండుసార్లు లెక్కలో వేసుకున్నారు. బోరు మొత్తం తోడింది రాసి తిరుగు నీరు కలిపితే సరే. నికరం రాసి తిరుగు నీరు వదిలేస్తే సరే. రెండూ కలిపితే లేని నీరు కాగితం మీద పుడుతుంది.

థీస్_బాట
అంటే ఆ మూడో వరుస కొట్టేస్తే ఇంకేదానికంటే తోడేదే ఎక్కువని తేలవచ్చు. నేను చెప్పిన భ్రమ సంగతి సరే, వాళ్లు ఎంచుకున్న లెక్క ప్రకారమే లోటు ఉండవచ్చు.

పాతాళం
ఉప్పునేల గారికి దండం. నేనైతే ఆ పట్టిక తెరిచి కూడా చూడకుండా రిపోర్టు అవతల పెట్టమన్నాను.

మరీచిక
ఇంత జరిగాక కూడా ప్రభుత్వాలు మోడల్ మాట వింటాయా? ఎక్కడైనా విన్న దాఖలా ఉందా?

దూరతీరం
ఉంది. అరిజోనాలో 1980 నాటి చట్టం ఉంది. దాని కింద పెట్టిన నియమాల ప్రకారం, నియంత్రణ ప్రాంతాల్లో కొత్త ఇళ్ల కాలనీ వేయాలంటే వందేళ్లకు నీరుందని చూపాలి. 2023 జూన్‌లో ఆ రాష్ట్ర జలవనరుల శాఖ ఫీనిక్స్ ప్రాంతపు కొత్త మోడల్ ఫలితాలు ప్రకటించింది. వందేళ్లలో అవసరమయ్యే భూగర్భజలంలో 4 శాతం దొరకదని తేలింది. శాతంలో చిన్నదే, పరిమాణంలో 48.6 లక్షల ఎకరం-అడుగులు, అంటే సుమారు 6 ఘన కిలోమీటర్లు. భూగర్భజలం మాత్రమే చూపి కోరే కొత్త కాలనీలకు అనుమతులు అప్పుడు ఆపేశారు. చట్టంలో ముందే హద్దు గీసి ఉంది కాబట్టే మోడల్ మాటకు పదును వచ్చింది.

తనిఖీ
దీనికి ఎదురు ఉదాహరణ ఉత్తర సహారా. అల్జీరియా, ట్యునీషియా, లిబియా మూడు దేశాల కింద ఒకే నీటిపొరల వ్యవస్థ, పది లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట. సహారా-సహేల్ పరిశీలన సంస్థ మూడు దేశాల బావుల వివరాలూ ఒకచోట చేర్చి మోడల్ కట్టింది. 1970లో ఏడాదికి 0.6 ఘన కిలోమీటర్లున్న తోడకం 2000 నాటికి 2.5కు చేరింది, ఇంకేది దాదాపు 1 మాత్రమే. మూడు దేశాలూ ఆ అంకెలను ఒప్పుకుని సంప్రదింపుల ఏర్పాటు చేసుకున్నాయి. కానీ తోడడం తగ్గలేదు.

దూరతీరం
తగ్గలేదు నిజమే. అయినా సరిహద్దుకు అవతల బావులెన్నో కూడా ఇవతలివారికి తెలియని స్థితినుంచి ఒకే పట్టిక ముందు కూర్చునే స్థితికి రావడం చిన్న విషయం కాదు. మోడల్ లేకపోతే ఆ బల్లే లేదు.

తనిఖీ
బల్ల ఉండడం మంచిదే. నీటిమట్టానికి మాత్రం బల్లతో పనిలేదు. అక్కడ నేను మీతో ఏకీభవించను.

పాతాళం
ఇంకే నీరే లేనిచోట ఏం చేస్తారు? సౌదీలో గోధుమ పండించినట్టు పండించడమేనా?

థీస్_బాట
అక్కడ జరిగింది ఘోరం. 1990ల తొలినాళ్లలో ఏడాదికి 40 లక్షల టన్నుల దాకా గోధుమ పండించారు, మిగులును ఎగుమతి చేశారు. తిరిగి నిండని పాత నీటితో! 2008లో దశలవారీగా కొనుగోలు తగ్గించాలని నిర్ణయించారు, 2016 నాటికి ఆపారు. తిరిగి నిండని నీటికి నిలకడ వాడకం అంటూ ఉండదు. ఎంతకాలం, ఎంత లోతుదాకా, ఎవరి కోసం అన్నవి ముందే తేల్చుకుని తోడాలి. జోర్డాన్ 2013లో దీసీ నీటిపొర నుంచి 325 కిలోమీటర్ల గొట్టం వేసి రాజధాని అమ్మాన్‌కు ఏడాదికి 10 కోట్ల ఘనమీటర్లు తెస్తోంది. అదీ పాత నీరే. కానీ తాగునీటికి. ఆ తేడా నాకు చాలా పెద్దది.

మరీచిక
బయటినుంచి నీరు తెచ్చి భూమిలోకి ఎక్కించవచ్చు కదా?

గడులమనిషి
చేశారు. అబూధాబీలోని లీవా దగ్గర ఇసుక కింద సముద్రం నుంచి శుద్ధిచేసిన నీటిని సుమారు 2.6 కోట్ల ఘనమీటర్లు నిల్వ చేశారు, 2018లో ప్రారంభమైంది. కొరత వస్తే 10 లక్షల మందికి 90 రోజులు సరిపడేలా. ఎక్కించిన మంచినీరు చుట్టూ ఉన్న ఉప్పునీటితో ఎంత కలుస్తుందో ముందే తెలుసుకోవడానికి మోడల్ తప్పనిసరి. కానీ తెచ్చే నీరుంటేనే ఈ దారి.

పాతాళం
నేల కుంగడం గురించి ఎవరూ మాట్లాడలేదు. బంకమన్ను పొరలున్నచోట మట్టం బాగా దిగితే ఆ పొరలు నొక్కుకుపోతాయి. తర్వాత ఎంత నీరు పోసినా తిరిగి ఉబ్బవు. బోరు గొట్టాలు వంగిపోవడం, నేల నెర్రెలు విచ్చడం చూశాను. చెలమ గారూ, మీ లోయ మధ్యలో బంకమన్ను ఉందా?

చెలమ
ఉంది, ఊట కింద భాగమంతా అదే. ఇకపోతే, ఇక్కడి మాటలు పట్టుకుని సంఘం కార్యదర్శితో మాట్లాడాను. తిరుగు నీటి సంగతి ఆ సంస్థవారిని అడిగితే మొదట పద్ధతి ప్రకారమే చేశామన్నారు. పట్టిక ముందు పెట్టి తోడకం నికరమా, మొత్తమా అని అడిగేసరికి సమయం కావాలన్నారు. మోడల్ ఫైళ్లన్నీ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. కొత్త బోర్ల ఓటును వాయిదా వేయించాను. కొందరికి కోపం వచ్చింది, రానివ్వండి.

గడులమనిషి
ఫైళ్లు రాగానే పంపండి, మాడ్‌ఫ్లోవే అయితే నేను నడిపి చూస్తాను. ఊటను డ్రెయిన్ గడిగా, అంటే నీరు బయటికి పోయే గడిగా పెట్టాలి, చెట్లకు వేళ్ల లోతు ఇవ్వాలి, సగటు ఏడాది తీసేసి మొదటి బోరు వేసిన నాటినుంచి కాలంతో నడపాలి. ఒకే జవాబు ఇవ్వను. కొలతలతో కలిసే అంకెల కూర్పులు ఎన్ని ఉంటే అన్నిటితోనూ నడుపుతాను. ఊట తిరిగి పారేది ఎన్నిటిలోనో, పారనిది ఎన్నిటిలోనో సంఘం ముందు పెట్టండి.

ఆకాశదృష్టి
ఆవిరి లెక్కలు నేను మళ్లీ చూస్తాను. సాగు మొదలైన తొలి ఏళ్లవి కూడా పాత లాండ్‌శాట్ చిత్రాల్లో దొరుకుతాయి.

పాతాళం
నాకు కావలసింది బోరు లాగ్‌లు. వేసేటప్పుడు ఏ లోతులో ఏ రాయి తగిలిందో రాసిన కాగితాలు మీ బోర్లవాళ్ల దగ్గర మూలన పడి ఉంటాయి. అడిగి ఫొటోలు తీసి పెట్టండి, బంకమన్ను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నేను గుర్తిస్తాను. ఊటకు దగ్గరలో ఉన్నవి ముందు.

చెలమ
రేపే మొదలుపెడతాను. ఊటకు ఎగువనున్న బోర్లవి కూడా కావాలా?

పాతాళం
అవే ముఖ్యం.